పెట్టెమీద అచ్చువెయ్యని అంకె

పండుగకు బట్టలు కొనే యిళ్ళలో యిప్పుడు బట్టలతోబాటు ఫోను కొనడం కూడా ఆనవాయితీ అయింది. పదిహేనువేల నుంచి పాతికవేల లోపల ఆండ్రాయిడ్ ఫోను ఒకటి కొనదలచుకున్నాము, పెట్టెమీద వేసిన అంకెలలో వేటిని చూడాలి, వేటిని చూడకపోయినా ఫరవాలేదు అని మల్లేశ్వరం నుంచీ, రాజాజీనగరం నుంచీ, అల్సూరు నుంచీ మన చదువరులు మమ్మల్ని అడుగుతూనే వున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు చెప్పడంకన్న యీ శీర్షికలోనే అందరికీ కలిపి చెప్పడం మేలని తోచింది. ముందుగా ఒక మాట. మేము యే కంపెనీవారి పక్షానా మాట్లాడడం లేదు. పేర్లు చెప్పవలసివచ్చిన చోట అవి ఉదాహరణలే గాని సిఫార్సులు కావు.

శాంసంగ్ వారి గాలక్సీ ఏ16 5జీ అనే ఫోనును తీసుకుందాము. 2024 అక్టోబరులో మన దేశంలో విడుదలయింది. 8 జీబీ ర్యామ్, 128 జీబీ నిలువ వున్న రకానికి అప్పటి ధర 18,999 రూపాయలు. మరీ చవకా కాదు, మరీ ప్రియమూ కాదు. సంసారి చేతికి అందే మధ్యరకం. దీని జాతకం ఒకటి చదివితే యీ ధరలో దొరికే తక్కిన ఫోన్ల జాతకాలు కూడా అటూ యిటూగా తెలిసిపోతాయి.

మొదట ర్యామ్, నిలువ. ఈ రెండూ ఒకటే అనుకునేవారు చాలామంది వున్నారు. మన వంటయింటితో పోల్చి చూడండి. నిలువ అంటే సామాను గది. బియ్యం బస్తా, పప్పుల డబ్బాలు, ఊరగాయ జాడీలు అన్నీ అక్కడ వుంటాయి. ర్యామ్ అంటే వంటగట్టు. ఆ పూటకు కావలసినవి మాత్రమే తెచ్చి పెట్టుకుంటాము, పని కాగానే తీసేస్తాము. గట్టు యిరుకయితే సామాను గది యెంత పెద్దదయినా వంట సాగదు. నాలుగు జీబీల గట్టుమీద యీ రోజులలో కాస్త యిబ్బందే. ఆరో యెనిమిదో వుంటే యింటి అవసరాలకు ధారాళంగా చాలుతుంది. ఇక్కడ అమ్మకందార్ల చమత్కారం ఒకటి కనిపెట్టాలి. కొన్ని పెట్టెలమీద ‘8+8’ అనో, యేకంగా ‘16 జీబీ’ అనో పెద్ద అక్షరాలతో వుంటుంది. అందులో రెండవ యెనిమిది అసలు ర్యామ్ కాదు. సామాను గదిలో ఒక మూల ఖాళీచేసి దానికి కూడా గట్టు అని పేరుపెట్టినట్లు, నిలువలో కొంత భాగాన్ని ర్యామ్ లెక్కలో కలిపారన్నమాట. దాని వేగం అసలు ర్యామ్ వేగానికి చాలా తక్కువ. కూడిక గుర్తుకు ముందున్న అంకెనే చూసుకుంటే సరి.

నిలువ విషయంలో 128 జీబీ చాలునా అని కొందరి సందేహం. చాలును. ప్రొద్దుటే సూర్యోదయం బొమ్మతో, పూలగుత్తితో వచ్చే శుభోదయాలను వారానికొకసారి తుడిచివేసే అలవాటు మాత్రం వుండాలి. బంధువులు ప్రేమతో పంపినవి తుడిచివేస్తే అపచారమని భయపడే పెద్దలు మా యెరుకలోనే కొందరున్నారు. అపచారం యేమీ లేదు.

ఇక కెమేరాలు. వెనుక 50 మెగాపిక్సెళ్ళు, 5, 2 అని మూడు కళ్ళు. ముందు 13 ఒకటి. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. అయితే యాభై అని వ్రాసిన కెమేరా మామూలుగా మనకిచ్చే బొమ్మలో వుండేవి పన్నెండున్నర మెగాపిక్సెళ్ళే. నాలుగేసి చిన్న చుక్కలను కలిపి ఒక పెద్ద చుక్కగా చేస్తుంది. వెలుతురు తక్కువగా వున్నచోట బొమ్మ మసకబారకుండా వుండడానికి యీ యేర్పాటు. కాబట్టి 50కీ 108కీ తేడా పేరంటంలో చెప్పుకోవడానికే గాని, పిల్లవాడి అక్షరాభ్యాసం ఫోటోలో కనిపించేది కాదు. ఆ రెండు మెగాపిక్సెళ్ళ మూడవ కన్ను వున్నదే, అది అటకమీద వరుసగా బోర్లించిన యిత్తడి గిన్నెల వంటిది. ఇంటికి నిండుదనం. ఎన్నడూ దించిన పాపాన పోము.

బ్యాటరీ 5,000 మిల్లీ ఆంపియర్ అవర్లు. ఒక ఆంపియరు చొప్పున ఐదు గంటలు యివ్వగల నిలువ అని అర్థం. ఈ ధర ఫోన్లలో చాలావాటికి యిదే అంకె, లేదా యింతకు కొంచెం యెక్కువ. పెద్దవాళ్ళ వాడకానికి ఒకటిన్నర రోజు వస్తుంది. ఛార్జరు మాత్రం యీ పెట్టెలో లేదు, వేరే కొనుక్కోవాలి. దుకాణంలోనే అడిగి తెలుసుకుంటే యింటికి వచ్చిన తరువాత కోపం రాదు. నీటి విషయంలో ఐపీ54 అని వ్రాసివుంటుంది. మొదటి అంకె దుమ్ముకు, రెండవది నీటికి. నాలుగు అంటే చినుకులు పడితే ఫరవాలేదని, అంతే. మన వూరి సాయంకాలపు వానలో జేబు తడిస్తే ఓర్చుకుంటుంది గాని, బకెట్టులో పడితే ఓర్చుకుంటానని మాట యివ్వలేదు. ఐపీ67 అని వున్నదానికే ఒక మీటరు లోతు నీటిలో అరగంట వరకు పరీక్ష. 5జీ గురించి చెప్పవలసినది తక్కువ. అది మన దేశంలో 2022 అక్టోబరు 1న మొదలయింది. ఎయిర్‌టెల్ వారు తొలుత యిచ్చిన యెనిమిది నగరాలలో బెంగుళూరు ఒకటి. ఇప్పుడు యీ ధరలో 5జీ లేని ఫోను కొనడానికి కారణం కనిపించదు.

తెర దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. 6.7 అంగుళాలు మూలనుంచి మూలకు కొలిచిన కొలత. అడ్డంగా 1080, నిలువుగా 2340 చుక్కలు. సెకనుకు తొంభై సార్లు కొత్తగా గీసుకుంటుంది కాబట్టి వేలితో జరిపినప్పుడు అక్షరాలు వణకవు. కాని మనకు కావలసిన పరీక్ష వేరే వున్నది. ఇంగ్లీషు అక్షరం ఒంటరిగా నిలుచుంటుంది. మన అక్షరానికి తలకట్టు, గుడి, కిందికి దిగే వొత్తు, దానికింద మరొక వొత్తు. ఇంగ్లీషు చదివే కంటికి హాయిగా వున్న తెరమీద తెలుగు వొత్తులు చీమతలకాయలవలె కనిపించవచ్చు. కనుక దుకాణంలో నిలబడే ‘కార్త్స్న్యము’ అనే మాటను వ్రాయించి చూడండి. అన్ని వొత్తులూ విడివిడిగా కనిపించి, ఒకదానిమీద ఒకటి యెక్కకుండా వుంటే ఆ తెర మనకు పనికివస్తుంది. తరువాత ఫోనును వాకిట్లోకి తీసుకుపోయి యెండలో అదే మాటను చూడండి. అమ్మే అబ్బాయి నవ్వుకుంటాడు. నవ్వుకోనివ్వండి.

ఇంతవరకు చెప్పినవన్నీ పెట్టెమీద వుండే అంకెలు. మేము అన్నిటికన్న ముఖ్యమనుకునే అంకె మాత్రం చాలా పెట్టెలమీద వుండదు. ఆ ఫోనును తయారుచేసినవారు దానిని యెన్ని సంవత్సరాలు చూసుకుంటారు అన్నదే ఆ అంకె.

పూర్వం మనకు యీ ప్రశ్నే లేదు. 1948లో యీ వూళ్ళోనే ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ నెలకొన్నది, దాని పేరనే దూరవాణినగరం వెలసింది. అక్కడ తయారయిన నల్లని టెలిఫోను ఒకసారి యింటికి వచ్చిందంటే యిరవై ముప్ఫై యేళ్ళు ఆ ముక్కాలి బల్లమీదనే వుండేది. అది మన సొత్తు కాదు, శాఖవారి సొత్తు. చెడిపోతే లైన్‌మన్ వచ్చి బాగుచేసేవాడు. ఆలస్యంగా వచ్చేవాడన్నది వేరే సంగతి. ఇప్పటి ఫోను మన సొత్తే గాని, దాని లోపల నడిచే ఆండ్రాయిడ్‌ను మనమూ బాగుచేసుకోలేము, ఎస్.పి. రోడ్డులో యెంత చేయితిరిగిన మెకానిక్కూ బాగుచేయలేడు. అద్దం పగిలితే, బ్యాటరీ పోతే అతను మారుస్తాడు. ఆండ్రాయిడ్‌లో లోపం బయటపడితే కంపెనీవారు సవరణ పంపాలి. వారు పంపడం మానివేసిన నాడు ఆ ఫోను చూపులకు నిక్షేపంగానే వుంటుంది, మాట్లాడుతుంది, పాటలు పాడుతుంది. తలుపు గడియ మాత్రం వూడివుంటుంది.

ఇది వూరకే భయపెట్టడానికి అంటున్న మాట కాదు. 2015 జూలైలో ‘స్టేజ్‌ఫ్రైట్’ అనే లోపం ఒకటి లోకానికి తెలిసింది. ఎవరో ఒక వీడియో సందేశం పంపితే చాలు, యజమాని దానిని తెరవకముందే ఆండ్రాయిడ్ ఫోను పరుల వశమయ్యే ప్రమాదం అందులో వున్నది. ఆ గొడవ తరువాతనే, అదే సంవత్సరం ఆగస్టు నుంచి, గూగుల్ వారు నెలనెలా భద్రతా సవరణలు ప్రకటించడం ఆరంభించారు. వారు ప్రకటిస్తే చాలదు, మన ఫోను చేసిన కంపెనీవారు దానిని మన ఫోనుకు తగినట్లు కుదిర్చి పంపాలి. అక్కడే కంపెనీకీ కంపెనీకీ తేడా. దుకాణంనుంచి దిగే వాట్సాప్, బ్యాంకు యాప్‌ల వంటివి పాత ఫోనులో కూడా కొంతకాలం కొత్తబడుతూనే వుంటాయి. వాటిని చూసి ఫోను బాగానే వున్నదని అనుకుంటాము. అవి నిలుచున్న నేల సంగతి అవి చెప్పవు. ఆ కొంతకాలం కూడా ఒకనాటికి తీరిపోతుంది. ఆండ్రాయిడ్ 4 తరం ఫోన్లకు వాట్సాప్ 2023 అక్టోబరు 24 నుంచి ఆగిపోయింది.

మన భాషకే యీ సవరణలవల్ల యెంత మేలు జరిగినదో చూడండి. 2014 ఫిబ్రవరిలో మన వూరి ఫ్లిప్‌కార్ట్ ద్వారా మోటో జీ అనే ఫోను అమ్మకానికి వచ్చింది. 8 జీబీ రకం 12,499 రూపాయలు. నాలుగున్నర అంగుళాల తెర, ఒక్క జీబీ ర్యామ్, 2,070 బ్యాటరీ. ఇప్పటి పిల్లలు చూస్తే బొమ్మ ఫోను అంటారు గాని ఆనాడు మధ్యరకం అంటే అదే. ఆండ్రాయిడ్‌లో తెలుగు అక్షరాలు సరిగ్గా కనిపించే యేర్పాటు 2012లో 4.1తో వచ్చింది. అంతకుముందు తెలుగు సందేశం వస్తే చాలా ఫోన్లలో డబ్బాల వరుస కనిపించేది. ఫోను తన మెనూలు, హెచ్చరికలు సహితం తెలుగులో చూపగలగడం 2014 చివర 5.0తో వచ్చింది. కొన్ననాడు ఆ విద్య లేని మోటో జీకి మరుసటి సంవత్సరం ఆ 5.0 సవరణ అందింది. ఇంగ్లీషు రాని అమ్మమ్మ చేతిలోని అదే ఫోను, కొత్తగా పైసా ఖర్చు లేకుండా, తెలుగు నేర్చుకున్నది. 5.1తో దాని చదువు ఆగిపోయింది. కొని రెండేళ్ళయినా కాలేదు!

ప్రియమైన ఫోన్లకు తెలుగు బాగా వస్తుందనుకోవడం కూడా భ్రమే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ‘జ్ఞా’ అనే అక్షరం సందేశంలో వస్తే చాలు, తెల్లమొహం వేసి యాప్‌లు మూతబడిపోయేవి. ఆపిల్ వారు ఆ నెల 19న సవరణ పంపి సర్దుకున్నారు. జ్ఞానంలోని మొదటి అక్షరం మింగుడుపడలేదని ఆ రోజులలో మన యిళ్ళలో నవ్వుకున్నాము. కాని, నాలుగు రోజులలో సవరణ పంపేవారు వెనుక వున్నారు కాబట్టే అది నవ్వుతో పోయింది.

తెలుగు మాట వచ్చింది కాబట్టి యింకొకటి. 2015 ఆగస్టు 10న షావోమీ వారు రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖపట్నంలో విడుదల చేశారు. 6,999 రూపాయల ఆ ఫోనును ఫాక్స్‌కాన్ వారు మన శ్రీసిటీలో, తడ దగ్గర, జోడించారు. తెలుగు నేలమీద పుట్టిన ఫోనని అప్పట్లో కొందరు అభిమానంగా కొన్నారు. ఎక్కడ పుట్టినా, యెన్నాళ్ళు చూసుకుంటారన్న ప్రశ్న మారదు.

ఇప్పుడు మన ఉదాహరణకు తిరిగి వద్దాము. ఏ16కు శాంసంగ్ వారు ఆరు తరాల ఆండ్రాయిడ్, ఆరు సంవత్సరాల భద్రతా సవరణలు యిస్తామని మాట యిచ్చారు. ఈ ధరలో యిది పెద్ద మాట. ఇంటి యిల్లాలి లెక్కలో చూస్తే 18,999ని ఆరుతో భాగిస్తే సంవత్సరానికి సుమారు 3,170 రూపాయలు. పన్నెండు వేలకు వచ్చి రెండేళ్ళే సవరణలు దొరికే ఫోను సంవత్సరానికి ఆరు వేలు. చవక యేదో మీరే చూసుకోండి. ఒక్క మెలిక వున్నది. ఈ సంవత్సరాలు మీరు కొన్ననాటినుంచి కాదు, ఆ రకం ఫోను మొదట విడుదలయిననాటినుంచి లెక్క. పండుగ అమ్మకాలలో మూడువేలు తగ్గించి యిచ్చే ఫోను తరచుగా రెండేళ్ళనాటి రకం అయివుంటుంది. తగ్గించిన ధరతోబాటు తగ్గిన ఆయుర్దాయాన్ని కూడా కొంటున్నాము. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి చట్టమే వచ్చింది. ఆ రకం ఫోనును చివరిసారి అమ్మకానికి పెట్టిన తరువాత కనీసం ఐదేళ్ళు సవరణలు, ఏడేళ్ళు విడిభాగాలు అందజేయాలి. అక్కడ యెనిమిదివందల సార్లు ఛార్జి చేసినా బ్యాటరీకి నూటికి ఎనభై వంతుల సత్తువ నిలవాలని కూడా నిబంధన. మనము అంతదాకా ఆగనక్కరలేదు, దుకాణంలో నోరుతెరిచి అడిగితే చాలు. అడిగేవారు పెరిగితే ఆ అంకె కూడా పెట్టెమీదికి వస్తుంది.

ఇక అసలు చెప్పదలచిన మాట. మన యిళ్ళలో ఫోన్లు యే దారిన నడుస్తున్నవో గమనించారా? కొత్త ఫోను కాలేజీలో చదివే మనుమడికి. వాడిది తల్లికి. తల్లిది తాతగారికి. తాతగారిది, అద్దానికి గీత పడినది, అవ్వగారికి. చీరెలూ గిన్నెలూ యిట్లా నడిస్తే తప్పులేదు. కాని యే ఫోనులో యేమి వున్నది? మనుమడి ఫోనులో ఆటలు, పాటలు, స్నేహితులు. తాతగారి ఫోనులో హెచ్.ఎం.టి.లోనో, బి.ఇ.ఎల్.లోనో, హెచ్.ఎ.ఎల్.లోనో ముప్ఫై యేళ్ళు చేసిన నౌకరీ తాలూకు పింఛను ఖాతా, డిపాజిట్లు, వాటికి వచ్చే రహస్య సంఖ్యలు. ఇంట్లో అన్నిటికన్న యెక్కువ డబ్బును అన్నిటికన్న పాత ఫోనుకు అప్పగిస్తున్నాము. సవరణలు యేనాడో ఆగిపోయిన ఫోనుకు.

పింఛనుదార్లకు మరొక అవసరం కూడా వున్నది. బ్రతికివున్నామని సంవత్సరానికొకసారి ఋజువు చూపాలి కదా. 2014 నవంబరులో ‘జీవన్ ప్రమాణ్’ వచ్చిన తరువాత బ్యాంకు మెట్లెక్కే పని తగ్గింది గాని, వయసుమీరిన చేతులకు వేలిముద్రలు అరిగిపోయి యంత్రం పట్టుకోక యిబ్బందిపడ్డవారు యెందరో. 2021 నవంబరులో ముఖాన్ని గుర్తుపట్టే పద్ధతి వచ్చింది. ఇంట్లో కుర్చీలో కూర్చుని ఫోను కెమేరావైపు చూసి కన్ను ఆర్పితే పని అయిపోతుంది. దీనికి మరీ పాత ఆండ్రాయిడ్ పనికిరాదు, ర్యామ్ కూడా బొత్తిగా తక్కువయితే కుదరదు. ఆ ఒక్కరోజు మనుమడి ఫోను అరువు తెచ్చుకోవచ్చు. కాని సంవత్సరంలో తక్కిన రోజులు?

పెద్దలు యేమంటారో మాకు తెలుసు. ‘నాకెందుకయ్యా అంత ఫోను, మాట్లాడడానికి యిది చాలు, పిల్లవాడికి కొనిపెట్టండి’ అంటారు. పండుగకు చీరె కొంటామన్నా అవ్వగారు యిదే మాట అంటారు. అది వారి స్వభావం. ఈ ఒక్క విషయంలో వారి మాట వినవద్దని కొడుకులకూ కోడళ్ళకూ మనవి. కొత్తది వారి చేతికే యివ్వండి. అక్షరాలు పెద్దవి చేసి, భాషను తెలుగుకు మార్చి, మాట్లాడితే వ్రాసుకునే సౌకర్యం పెట్టి యివ్వండి. తెలుగుకు ఆ సౌకర్యం గూగుల్ 2017 ఆగస్టులో కల్పించింది. చిత్తూరులో వున్న చెల్లెలికి ఉత్తరం వ్రాసే అలవాటు తప్పిపోయిన అవ్వగారు నోటితో చెప్పి నాలుగు వాక్యాలు పంపుకోగలరు. మనుమడికి తాతగారి పాత ఫోను యిమ్మని మేము అనడం లేదు, వాడు యిల్లు పీకి పందిరి వేస్తాడు. వాడి ఫోను యింకొక సంవత్సరం వాడుకోమంటే చాలు. అన్నిటికన్న పాతదానినుంచి ఖాతాలన్నీ తీసివేసి, పూర్తిగా తుడిచి, సిమ్ము లేకుండా వంటింట్లో పాటలు వినడానికి వుంచుకోండి.

ఫోను కొన్ననాడే ‘*#06#’ అని నొక్కితే పదిహేను అంకెల సంఖ్య కనిపిస్తుంది. రెండు సిమ్ములవాటికి రెండు సంఖ్యలు. వాటిని రసీదువెనుక వ్రాసిపెట్టుకోండి. బస్సులో ఫోను పోతే 2023 మే నెలలో ప్రభుత్వంవారు యేర్పరచిన ‘సంచార్ సాథీ’లో ఆ సంఖ్య యిచ్చి దానిని యెవరికీ పనికిరాకుండా చేయించవచ్చు.

చివరగా, యీ సంచిక చదివిన సాయంకాలమే చేయదగిన పని. ఇంట్లో వున్న ఫోన్లన్నీ ఒకచోట పెట్టి, ఒక్కొక్కదానిలో సెట్టింగులు తెరిచి, ‘ఎబౌట్ ఫోన్’ అన్నచోట ఆండ్రాయిడ్ సంగతులు చూడండి. పేర్లు ఒక్కొక్క కంపెనీలో కొద్దిగా వేరుగా వుంటాయి. అక్కడ ‘సెక్యూరిటీ అప్‌డేట్’ అని ఒక తేదీ కనిపిస్తుంది. మూడు నాలుగు నెలల లోపలిదయితే చింతలేదు. సంవత్సరం దాటినట్లయితే, కొత్త సవరణ వున్నదేమో అక్కడే వెతికించండి. లేదని సమాధానం వస్తే బ్యాంకు పనులను ఆ ఫోనునుంచి ఆ రాత్రే తప్పించండి. అవ్వగారి ఫోనును అన్నిటికన్న ముందు చూడండి.